ఆఫర్లు సరే... చేరిందెందరు?

వేసవి వచ్చిందంటే ఘట్‌కేసర్, మేడ్చల్, మొయినాబాద్ రోడ్ల మీదా, విజయవాడ-గుంటూరు దారిలోనూ ఎటు చూసినా ఇంజినీరింగ్ కాలేజీల హోర్డింగులే. కోటు, టై వేసుకున్న పిల్లల ఫొటోలు, కింద కంపెనీ లోగోలు, పక్కన ప్యాకేజీలు. ఒకమ్మాయికి మూడు కంపెనీల్లో ఎంపిక దక్కితే హోర్డింగు లెక్కలో అవి మూడు ఆఫర్లు. ఆ పిల్లల్లో ఎందరు ఏ తేదీన ఉద్యోగంలో చేరారో చెప్పే హోర్డింగు మాత్రం కనబడదు. అడిగేవాళ్లూ తక్కువే. వెబ్ ఆప్షన్లు పెట్టేముందు కాలేజీ చూడ్డానికి వచ్చే తల్లిదండ్రులు కూడా ‘హయ్యెస్ట్ ప్యాకేజీ ఎంత సార్?’ అని అడిగి సంతృప్తిగా వెళ్లిపోతుంటారు.

కంపెనీలు కొత్తవాళ్లను తీసుకునే పద్ధతులు పాతికేళ్లలో చాలా మారాయి. పత్రికలో ప్రకటన, పోస్టులో దరఖాస్తు, ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీ కార్డు వెనక్కి పోయాయి. క్యాంపస్ డ్రైవ్, ఆన్‌లైన్ పరీక్ష, రెఫరల్, నౌకరీ, లింక్‌డిన్, ఇప్పుడు రెజ్యూమెను చదివే సాఫ్ట్‌వేర్ వచ్చాయి. వేగం పెరిగింది, ఊరూ పేరూ తెలియని కాలేజీ పిల్లలకూ పోటీలో దిగే వీలు దొరికింది. ఆ మేరకు మంచిదే. కానీ ఈ మార్పులన్నీ ఒకే దిక్కుకు నడిచాయి. మనిషిని వడపోయడానికి, తర్ఫీదు ఇవ్వడానికి అయ్యే ఖర్చు, అంచనా తప్పితే వచ్చే నష్టం కొద్దికొద్దిగా కంపెనీ ఖాతాలోంచి అభ్యర్థి ఖాతాలోకి జరిగిపోయాయి. మన రాష్ట్రాల్లో ఇది కొట్టొచ్చినట్టు కనబడేది ఐటీ ఫ్రెషర్ల నియామకంలోనే.

ఐటీ సేవల కంపెనీల వ్యాపారం పిరమిడ్ లెక్క మీద నడుస్తుంది. పైన కొద్దిమంది అనుభవజ్ఞులు, అడుగున వేలల్లో ఫ్రెషర్లు. అడుగు ఎంత వెడల్పుగా, ఎంత చవగ్గా ఉంటే లాభం అంత. అమెరికా బ్యాంకో, బీమా సంస్థో ప్రాజెక్టు ఇచ్చాక మనుషుల్ని వెతుక్కుంటే కుదరదు. కాబట్టి ముందే తీసి పెట్టుకుంటారు. ఏడో సెమిస్టర్ నడుస్తుండగానే ఎంపికలు అయిపోతాయి. చేరేది డిగ్రీ పూర్తయ్యాక. మధ్యలో ఏడాది దాకా ఖాళీ. ఈలోపు విద్యార్థి చేతికొచ్చేది చాలాసార్లు నియామకపత్రం కాదు, ‘ఎల్వోఐ’. లెటర్ ఆఫ్ ఇంటెంట్ అన్నమాట. వ్యాపార అవసరాలను బట్టి చేరే తేదీ తర్వాత తెలియజేస్తామన్న వాక్యం అందులో ఎక్కడో ఒకచోట ఉంటుంది. అవసరమైతే పిలుచుకునే హక్కు కంపెనీకి ఉంది, పిలవకపోతే పైసా బాధ్యత లేదు. విద్యార్థి మాత్రం కట్టుబడాలి. ఒక ఆఫర్ వచ్చినవాణ్ని అదే స్థాయి ప్యాకేజీ ఇచ్చే మరో డ్రైవ్‌కు కూర్చోనివ్వని కాలేజీలు బోలెడు. మిగతావాళ్లకూ అవకాశం రావాలి కదా అన్నది వాళ్ల వాదన. అదీ సబబే. కాకపోతే ఆ నియమం వల్ల ఒక కంపెనీ మాటనే నమ్ముకున్న పిల్లవాడికి రెండో దారి మూసుకుపోతుంది.

కోవిడ్ తర్వాత డిజిటల్ ప్రాజెక్టులు వెల్లువెత్తినప్పుడు ఈ ఏర్పాటు తడాఖా బయటపడింది. 2022 మధ్యలో ఇన్ఫోసిస్‌లో వలసల రేటు 28 శాతం దాటింది, సెప్టెంబరుకల్లా టీసీఎస్‌లో 21 శాతం పైకి వెళ్లింది. పోయేవాళ్ల స్థానంలో కొత్తవాళ్లను కుమ్మరించారు. 2021-22లో టీసీఎస్ లక్ష మందికి పైగా, ఇన్ఫోసిస్ 85 వేల మంది ఫ్రెషర్లను తీసుకున్నాయి. ఆ ఊపులోనే తర్వాతి బ్యాచ్‌లకూ ఆఫర్లు పంచిపెట్టారు. అమెరికాలో వడ్డీ రేట్లు పెరిగి క్లయింట్లు చేతులు ముడుచుకోగానే కథ తిరగబడింది. 2023-24లో టీసీఎస్ సిబ్బంది 13,249 మంది తగ్గారు. 2004లో స్టాక్ మార్కెట్‌లో లిస్టయ్యాక ఆ కంపెనీలో ఏడాది మొత్తానికి తగ్గుదల అదే మొదటిసారి. అదే ఏడాది ఇన్ఫోసిస్‌లో 25,994 మంది, విప్రోలో 24,516 మంది తగ్గారు. ఉన్నవాళ్లే తగ్గిపోతుంటే ఎల్వోఐలు పట్టుకున్నవాళ్ల సంగతి చెప్పేదేముంది!

విప్రో 2023 ఫిబ్రవరిలో కొందరు ఫ్రెషర్లకు ఒక మెయిల్ పంపింది. ఏడాదికి 6.5 లక్షల ఆఫర్ ఇచ్చి, శిక్షణ కూడా పూర్తిచేయించినవాళ్లను 3.5 లక్షలకు చేరతారా అని అడిగింది. ఇన్ఫోసిస్ 2022 బ్యాచ్‌లో ఆఫర్లు అందుకున్నవాళ్లలో సుమారు రెండు వేల మంది రెండేళ్లుగా ఎదురుచూస్తూనే ఉన్నారని ఐటీ ఉద్యోగుల సంఘం ‘నైట్స్’ 2024 ఆగస్టులో కేంద్ర కార్మిక శాఖకు ఫిర్యాదు చేసింది. ఇచ్చిన ఆఫర్లన్నిటినీ గౌరవిస్తామని కంపెనీ చెప్పింది, ఆ తర్వాత పిలిచింది కూడా. అలా మైసూరు క్యాంపస్‌కు చేరినవాళ్లలో 300 మందికి పైగా ట్రైనీలను 2025 ఫిబ్రవరిలో ఇంటికి పంపించేసింది. మూడు అవకాశాలిచ్చినా అంతర్గత పరీక్ష నెగ్గలేదని, ఈ షరతు ఒప్పందంలోనే ఉందని కంపెనీ వివరణ. అంతమందేనా అన్న లెక్క దగ్గర సంఘం విభేదించింది. కేంద్రం కర్ణాటక కార్మిక శాఖను విచారించమంది. ఒప్పందంలో ఉన్నది నిజమే కావచ్చు. ఎంపిక పరీక్షలో నెగ్గినవాణ్ని రెండేళ్లు కూర్చోబెట్టి, చదివిందంతా మరిచిపోయాక మళ్లీ పరీక్ష పెట్టడం ఏ రకమైన నియామకమో కంపెనీయే చెప్పాలి.

రెండేళ్లు ఎదురుచూడటమంటే ఏమిటో కాస్త దగ్గర నుంచి చూద్దాం. బ్యాంకు విద్యారుణం సాధారణంగా కోర్సు అయ్యాక ఏడాది పాటు మాత్రమే ఆగుతుంది. ఆ తర్వాత కిస్తీలు మొదలు. జీతం ఇంకా మొదలుకాలేదు, కిస్తీ మొదలైంది. పోనీ వేరే ఉద్యోగం చూసుకుందామా అంటే ఆఫ్‌క్యాంపస్ నోటిఫికేషన్లలో మొదటి గీత ‘పాసైన సంవత్సరం’. 2024 వాళ్లకు వేసిన డ్రైవ్‌లో 2022 వాడికి లింకే తెరుచుకోదు. అనుభవం ఉన్నవాళ్ల ఖాళీలకు పోదామంటే అనుభవం సున్నా. ఫ్రెషరూ కాక, అనుభవజ్ఞుడూ కాక మధ్యలో మిగిలిపోతాడు. ఇంటికి వచ్చిన చుట్టాలు ‘మీవాడికి ఇన్ఫోసిస్‌లో వచ్చిందన్నారు కదా వదినా, ఇంకా ఇంట్లోనే ఉన్నాడేం?’ అని అడుగుతారు. వారం వారం హెచ్ఆర్‌కు మెయిల్ పెడితే త్వరలో తెలియజేస్తామన్న ఆటోమేటిక్ జవాబు అక్షరం మారకుండా వస్తుంది.

జీతం సంగతి వేరే చెప్పాలి. పదిహేనేళ్ల కిందట పెద్ద ఐటీ కంపెనీల్లో ఫ్రెషర్‌కు ఇచ్చింది ఏడాదికి మూడు, మూడుంబావు లక్షలు. ఇప్పుడూ అడుగు మెట్టు ప్యాకేజీ మూడున్నర లక్షల చుట్టూనే తచ్చాడుతోంది. టీసీఎస్‌లో అడుగు అంతస్తు అయిన ‘నింజా’ ఆఫర్ 3.36 లక్షలు. 2024 ఆగస్టులో కాగ్నిజెంట్ 2.52 లక్షల ప్యాకేజీతో ప్రకటన వేస్తే సోషల్ మీడియా భగ్గుమంది. అది మూడేళ్ల డిగ్రీ వాళ్లకని, ఇంజినీర్లకు నాలుగు లక్షల నుంచి ఇస్తామని కంపెనీ సర్దిచెప్పింది. ఈ పదిహేనేళ్లలో మాదాపూర్ హాస్టల్ అద్దె, బీటెక్ ఫీజు ఎన్నింతలయ్యాయో పాఠకులకు చెప్పక్కర్లేదు. అడుగు మెట్టులో ధర పెరగకపోవడానికి గుంపు పెద్దది కావడం ఒక కారణమైతే, అందరినీ ఒకే జల్లెడ పట్టే పద్ధతి మరో కారణం.

ఆ జల్లెడ ఆన్‌లైన్ పరీక్ష. టీసీఎస్ 2018లో నేషనల్ క్వాలిఫయర్ టెస్టు మొదలుపెట్టింది. అంతకుముందు ఎంపిక చేసిన కొన్ని కాలేజీలకే వెళ్లే కంపెనీ, దేశమంతటికీ ఒకే పరీక్ష పెట్టింది. స్కోరును బట్టి నింజా, డిజిటల్, తర్వాత ప్రైమ్ అని అంతస్తులు వేసింది. పేరున్న కాలేజీలో సీటు రాని పిల్లకు ఇది మేలే చేసింది. నరసరావుపేటలో చదివినా, నల్గొండలో చదివినా అదే ప్రశ్నపత్రం. కానీ పరీక్ష దాకా రావడానికే చాలా కంపెనీలు పదో తరగతి, ఇంటర్, బీటెక్ మూడింట్లో 60 శాతం అడుగుతాయి. చదువులో రెండేళ్లకు మించి విరామం ఉండకూడదంటాయి. ఇంటర్‌లో జబ్బుపడి మార్కులు తగ్గినవాడు, నాన్న చనిపోతే మూడేళ్లు కొట్టు నడిపి మళ్లీ చదువుకున్నవాడు కోడింగ్‌లో దిట్ట అయినా ఇక్కడ పనికిరాడు. వీళ్లు పని చేయలేరని కంపెనీకి ఏ రుజువూ లేదు. లక్షల దరఖాస్తుల్లో కొన్నిటిని తీసిపారేయడానికి ఒక గీత కావాలి, అంతే. ఇంటి నుంచి రాసే పరీక్షలైతే కెమెరా ముందు తల తిప్పకూడదు, వెనకాల మనిషి నడవకూడదు, కరెంటు పోకూడదు. ఒకే గదిలో నలుగురు ఉండే ఇంట్లో, అడిగి తెచ్చుకున్న ల్యాప్‌టాప్ మీద రాసేవాడికి అవి ప్రతిభకు పెట్టిన పరీక్షలు కావు.

మరి తర్ఫీదు ఎవరిస్తున్నారు? ఒకప్పుడు కంపెనీలే నెలల తరబడి జీతమిచ్చి నేర్పేవి. ఇన్ఫోసిస్ మైసూరులో అంత పెద్ద శిక్షణ కేంద్రం కట్టింది అందుకే. ఇప్పుడు వచ్చేటప్పటికే ‘ప్రాజెక్ట్ రెడీ’గా ఉండాలంటున్నారు. దాంతో కాలేజీలో మూడో సంవత్సరం నుంచే సీఆర్టీ (క్యాంపస్ రిక్రూట్‌మెంట్ ట్రైనింగ్) క్లాసులు, వాటికి చాలాచోట్ల వేరే ఫీజు. అవి చాలకపోతే హైదరాబాద్ అమీర్‌పేటలోని కోచింగ్ సెంటర్లు. మైత్రీవనం ఎదుట స్తంభాలకూ గోడలకూ అంటించిన కరపత్రాల్లో జావా ఫుల్‌స్టాక్, డెవాప్స్, డేటా సైన్స్. ఉచిత డెమో క్లాసు, ఆపై ఫీజు, మూడు నెలల హాస్టలు. కంపెనీ శిక్షణ బడ్జెట్‌లో మిగిలింది గుంటూరు జిల్లాలో ఎవరో రైతు మిర్చి పంట డబ్బులోంచి కట్టేశాడు.

అదే వీధిలో ఇంకో సరుకూ దొరుకుతుంది: అనుభవం. మూతపడిన చిన్న కంపెనీ పేరుతో రెండేళ్ల ఎక్స్‌పీరియన్స్ లెటరు, పేస్లిప్పులు, ఫోన్ చేస్తే ‘అవునండీ, మా దగ్గరే చేశాడు’ అని చెప్పే మనిషి. 2014లో పీఎఫ్‌కు యూఏఎన్ (కంపెనీ మారినా మారని ఒకే ఖాతా నంబరు) వచ్చాక దీని ఆట కొంత కట్టయింది. సర్వీసు చరిత్ర చూస్తే ఎక్కడ ఎన్నాళ్లు చేశాడో తెలిసిపోతుంది. దొరికినవాణ్ని తీసేస్తారు, కొన్ని కంపెనీలు బ్లాక్‌లిస్టులోనూ పెడతాయి. తప్పే, సమర్థించనక్కర్లేదు. అయితే కుర్రాడు రాసిన అబద్ధానికి శిక్ష ఉంది. ఫలానా నెలలో చేర్చుకుంటామని కంపెనీ చెప్పి తప్పిన మాటకు శిక్ష ఏ చట్టంలోనూ లేదు. ఈ తేడాను మన న్యాయవ్యవస్థ కూడా పెద్దగా పట్టించుకున్నట్టు లేదు. విజయా బ్యాంకు కేసులో 2025 మేలో సుప్రీంకోర్టు మూడేళ్ల సర్వీసు బాండు, ముందే వెళ్లిపోతే రెండు లక్షలు కట్టాలన్న షరతు చెల్లుతాయంది. ప్రభుత్వరంగ సంస్థ బహిరంగ పోటీ పెట్టి నియామకం చేయడానికి ఖర్చవుతుంది, మధ్యలో మానేస్తే మళ్లీ ఆ ఖర్చు పెట్టాలి అన్నది తర్కం. తర్కం బాగుంది. యజమాని ఖర్చుకు వెల కట్టగలిగినప్పుడు అభ్యర్థి పోగొట్టుకున్న రెండేళ్లకు మాత్రం ఎందుకు కట్టలేం?

అనుభవజ్ఞుల నియామకంలో రాజ్యమేలుతున్నది రెఫరల్. ఉద్యోగి తనకు తెలిసినవాణ్ని సూచిస్తాడు, వాడు చేరి కొన్ని నెలలు నిలబడితే సూచించినవాడికి బోనస్. కంపెనీకి ప్రకటన ఖర్చు లేదు, తెలిసినవాడు చెప్పాడు కాబట్టి నమ్మకం. లోకమంతా ఇంతే. అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రనోవెటర్ 1970ల్లో ప్రచురించిన అధ్యయనం కోసం మసాచుసెట్స్‌లోని న్యూటన్ పట్టణంలో 282 మందిని అడిగితే సగానికి పైగా తెలిసినవాళ్ల ద్వారానే ఉద్యోగం సంపాదించామన్నారు. అందులోనూ ఆప్తుల కంటే ఎప్పుడో ఒకసారి కలిసే ముఖపరిచయస్తులే ఎక్కువ అక్కరకొచ్చారు. మనకూ తెలియని విషయం కాదు. ఊరి వాట్సాప్ గ్రూపులో, కాలేజీ పూర్వ విద్యార్థుల గ్రూపులో ‘మా టీమ్‌లో ఓపెనింగ్ ఉంది, రెజ్యూమె పంపండి’ అన్న ఒక్క వాక్యంతో జీవితాలు మారిపోయినవాళ్లు హైటెక్ సిటీలో వేలల్లో ఉన్నారు.

చిక్కు ఎక్కడంటే, మన దేశంలో పరిచయాలు కులం గీతల వెంటే నడుస్తాయి. ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదివిన పిల్లకు కంపెనీలో బాబాయి ఉండడు, బావా ఉండడు, ముఖపరిచయస్తులూ ఉండరు. రిజర్వేషన్ల మీద గంటలకొద్దీ వాదించేవాళ్లు రెఫరల్ కూడా ఒక రకం రిజర్వేషనేనన్న సంగతి ఎత్తరు. ఇక ప్రకటన చూసి నేరుగా దరఖాస్తు చేసినా సంగతి అంతంతమాత్రమే. సుఖదేవ్ థోరట్, పాల్ అటెవెల్ ఇంగ్లిషు పత్రికల్లో వచ్చిన 548 ఉద్యోగ ప్రకటనలకు 4,808 దరఖాస్తులు పంపి 2007లో ఫలితాలు ప్రచురించారు. అర్హతలు ఒకటే, పేర్లే తేడా. అగ్రకుల హిందూ పేర్లతో పోలిస్తే పిలుపు వచ్చే అవకాశాల నిష్పత్తి దళిత పేర్లకు మూడింట రెండొంతులు, ముస్లిం పేర్లకు మూడింట ఒక వంతు. అదే ఏడాది సురీందర్ జోధ్కా, క్యాథరిన్ న్యూమన్ పెద్ద కంపెనీల హెచ్ఆర్ మేనేజర్లతో మాట్లాడితే, తాము చూసేది ప్రతిభేనన్న ఆ మేనేజర్లే ఇంటర్వ్యూలో కుటుంబ నేపథ్యం తప్పక అడుగుతామన్నారు. ‘నాన్నగారు ఏం చేస్తారు?’ అన్న ప్రశ్న మన ఇంటర్వ్యూ గదుల్లో ఇప్పటికీ వినబడుతుంది. జావా రాయడానికీ నాన్నగారి వృత్తికీ ఉన్న లంకె ఏమిటో అడిగినవాళ్లు చెప్పరు.

మధ్యవర్తులు దూరిన చోట నియామకం ఇంకా దిగజారుతుంది. కాంట్రాక్టు సిబ్బందిని సరఫరా చేసే ఏజెన్సీలతో కుమ్మక్కు ఆరోపణల మీద టీసీఎస్ 2023లో విచారణ జరిపి, 19 మంది ఉద్యోగుల ప్రమేయం ఉందని తేల్చింది, 16 మందిని తొలగించింది, ఆరు ఏజెన్సీలను నిషేధించింది. అంత పెద్ద సంస్థలోనే ఇలా ఉంటే మాదాపూర్‌లో ‘బ్యాక్‌డోర్’ ఉద్యోగం ఇప్పిస్తామని లక్షలు వసూలు చేసి, నాలుగు నెలలు ట్రైనింగ్ పేరుతో కూర్చోబెట్టి, ఒక సోమవారం పొద్దున బోర్డు తిప్పేసే బాపతు గురించి వేరే చెప్పాలా? పోలీసులు కేసు పెడతారు, పేపర్లో వార్త వస్తుంది, మరుసటి నెల ఇంకో బోర్డు లేస్తుంది.

మనిషికి పక్షపాతం ఉంది కాబట్టి యంత్రానికి అప్పగిద్దాం అన్నవాళ్ల అనుభవం కూడా విన్నాం. పదేళ్ల పాత రెజ్యూమెలతో అమెజాన్ తయారుచేసిన ఎంపిక సాఫ్ట్‌వేర్, ఆ పదేళ్లలో ఎక్కువగా మగవాళ్లే చేరడం చూసి, మహిళలకు సంబంధించిన మాట కనబడ్డ రెజ్యూమెలకు మార్కులు కోసేసింది. కంపెనీ దాన్ని మూలన పడేసిందని 2018లో రాయిటర్స్ బయటపెట్టింది. న్యూయార్క్ నగరం 2023 నుంచి ఇలాంటి సాధనాలకు పక్షపాత ఆడిట్ తప్పనిసరి చేసింది. యూరప్ ఏఐ చట్టం నియామకాల్లో వాడే వ్యవస్థలను అధిక ముప్పు జాబితాలో పెట్టింది. మన దగ్గర రెజ్యూమె ఎందుకు పక్కన పడిందో అడిగే హక్కే అభ్యర్థికి లేదు.

ఫ్యాక్టరీల వైపు చూస్తే పద్ధతి వేరు, ధోరణి అదే. శ్రీపెరంబుదూరులోని ఫాక్స్‌కాన్ ఐఫోన్ ప్లాంటులో పెళ్లయిన ఆడవాళ్లను నియామక దశలోనే వెనక్కి పంపుతున్నారని 2024 జూన్‌లో రాయిటర్స్ రాసింది. కేంద్రం తమిళనాడు ప్రభుత్వాన్ని నివేదిక అడిగింది. వివాదం తర్వాత ప్రకటనల్లో లింగం, వయసు, పెళ్లి ప్రస్తావనలు తీసేయమని ఏజెంట్లకు ఆదేశాలు వెళ్లాయి. నియామకాల్లో స్త్రీలపై వివక్ష చూపరాదని 1976 నాటి సమాన వేతన చట్టమే చెప్పింది. అయినా ఇది సాగడానికి కారణం, మనుషుల్ని తెచ్చేది కంపెనీ కాదు, ఏజెంటు. పాలమూరు కూలీలను అడ్వాన్సు ఇచ్చి దూరప్రాంతాల పనులకు తోలుకెళ్లిన గుంపు మేస్త్రీ కూడా ఇదే పని చేసేవాడు. మనుషుల్ని తేవడం అతని వంతు, జవాబుదారీ ఎవరి వంతూ కాదు.

ప్రభుత్వ నియామకాలు ఏమైనా మెరుగా? వేగం విషయంలో పరమ అధ్వానం. తెలంగాణలో 2022 గ్రూప్-1 ప్రిలిమ్స్ పేపర్ లీకేజీతో ఒకసారి, కోర్టు తీర్పుతో మరోసారి రద్దయింది. అయినా అక్కడ నోటిఫికేషన్ ఉంటుంది, ఖాళీల సంఖ్య ఉంటుంది, మార్కులు కనబడతాయి, అన్యాయం జరిగిందనుకుంటే కోర్టు మెట్లెక్కొచ్చు. ఈ బహిరంగత ఊరికే రాలేదు. కృష్ణా జిల్లా ఎక్సైజ్ సూపరింటెండెంట్ కేసులో 1996లో సుప్రీంకోర్టు, ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీ పంపిన పేర్లతోనే సరిపెట్టకూడదని, పత్రికల్లో ప్రకటించి అందరి దరఖాస్తులూ చూడాలని చెప్పింది. ఒక జిల్లా ఆఫీసు గొడవలోంచి పుట్టిన సూత్రం దేశమంతటికీ దిక్కయింది. ప్రైవేటు రంగానికీ ఒక చట్టం ఉండేది. 1959 చట్టం ప్రకారం పాతిక మంది, అంతకు మించి సిబ్బంది ఉన్న ప్రైవేటు సంస్థలు తమ ఖాళీలను ఎక్స్ఛేంజీకి తెలపాలి. అయితే అక్కడి నుంచి వచ్చినవాళ్లనే తీసుకోవాలన్న నియమం లేదు. కాగితం పంపితే చాలు. అదీ చాలా సంస్థలు పంపలేదు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లో ఎక్స్ఛేంజీలు ‘కెరీర్ సెంటర్లు’గా మారాయి, ఖాళీలు తెలపాలన్న నియమం మిగిలింది. అదే రోజు అమలైన మరో కోడ్ ప్రతి కార్మికుడికీ నియామకపత్రం ఇవ్వాలంది. మంచిదే. కానీ ఆ హక్కు పుట్టేది చేరిన రోజున. ఎంపికకూ చేరికకూ నడుమ ఉన్న ఏడాది, రెండేళ్ల కాలాన్ని ఏ కోడూ తాకలేదు.

కంపెనీలన్నీ ఒకే తాను ముక్కలని అనడం అన్యాయం. చెన్నై కేంద్రంగా పనిచేసే జోహో ఇరవై ఏళ్లుగా సొంత పాఠశాల నడుపుతోంది. ఇంటర్, డిప్లొమా చదివిన పిల్లలకు ఫీజు లేకుండా, పైగా స్టైపెండ్ ఇచ్చి నేర్పి, ఉద్యోగంలోకి తీసుకుంటోంది. విప్రో బీసీఏ, బీఎస్సీ వాళ్లను చేర్చుకుని, పనిచేస్తూనే ఎంటెక్ చదివిస్తోంది. హెచ్‌సీఎల్ టెక్‌బీ ఇంటర్ పూర్తయిన పిల్లలను తీసుకుని పనిలో పెట్టి, డిగ్రీ చదువుకునే వీలు కల్పిస్తోంది. మన రెండు రాష్ట్రాల పిల్లలూ ఇందులో చేరుతున్నారు. వీటిలోనూ బాండ్లు, తక్కువ స్టైపెండ్లు లాంటి తగువులు లేకపోలేదు. కానీ నేర్పే ఖర్చులో చాలావరకు కంపెనీ తన పుస్తకాల్లో రాసుకుంటోంది, నేర్చుకున్న రోజే పని ఉందన్న నమ్మకం పిల్లలకు ఉంది. ఖర్చు తనది అయినప్పుడే కంపెనీ లెక్క చూసుకుని తీసుకుంటుంది. ఊరికే వచ్చేదైతే ఎన్ని వేల ఎల్వోఐలైనా పంచుతుంది. ఏ పద్ధతి మంచి ఉద్యోగిని పట్టిస్తుందన్న దాని మీద పరిశోధనలూ తక్కువేం లేవు. అందరినీ ఒకే వరుసలో, ఒకే ప్రశ్నలు, ఒకే మార్కుల పట్టికతో అడిగే ఇంటర్వ్యూ, ఉద్యోగంలో చేయాల్సిన పనినే కాసేపు చేయించి చూడటం మెరుగైన దారులని పాల్ శాకెట్ బృందం 2022లో పాత అధ్యయనాలన్నీ మళ్లీ లెక్కగట్టి చెప్పింది. పదో తరగతి శాతానికి అంత బలమైన రుజువును ఇంతవరకూ ఎవరూ చూపించలేదు.

కాలేజీలను కూడా వదిలిపెట్టకూడదు. కంపెనీ చెప్పిన తేదీ దాటి ఆరు నెలలైనా ఒక్క ఉత్తరం రాయని ప్లేస్‌మెంట్ సెల్‌లు, మరుసటి ఏడాది అదే కంపెనీకి పూలగుచ్ఛంతో ఎదురెళ్తాయి. ‘ఒకరికి ఒకే ఆఫర్’ నియమం పెట్టే కాలేజీ, చేరే తేదీ మూడు నెలలు దాటితే ఆ నియమం నుంచి విద్యార్థిని విడుదల చేస్తామని రాతపూర్వకంగా చెప్పాలి. విశ్వవిద్యాలయాలు అఫిలియేషన్ సమయంలో ఆఫర్ల సంఖ్య కాకుండా, పాసైన ఏడాదిలోగా పీఎఫ్ జమ మొదలైనవారి సంఖ్య అడగాలి. అడిగితే ఆ లెక్క దొరుకుతుంది.

అసలు పట్టు మాత్రం ప్రభుత్వాల చేతిలోనే ఉంది. విశాఖ రుషికొండ ఐటీ హిల్ మీద టీసీఎస్‌కు 21.16 ఎకరాలు 99 పైసల నామమాత్రపు ధరకు ఇవ్వడానికి ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం 2025 ఏప్రిల్‌లో ఆమోదం తెలిపింది. వస్తాయన్న ఉద్యోగాలు 12 వేలు. కాగ్నిజెంట్‌కూ కాపులుప్పాడలో అదే ధరకు భూమి. హైదరాబాద్ కూడా ఇదే దారిలో ఎదిగింది. ఉద్యోగాల కోసం భూమి ఇవ్వడం తప్పు కాదు. కానీ ఆ 12 వేల అంకెలో దేన్ని ఉద్యోగంగా లెక్కిస్తారో ఒప్పందంలో రాసుండాలి. కంపెనీ సొంత రోల్స్ మీద ఉన్నవాళ్లనా, ఏజెన్సీ కాంట్రాక్టు వాళ్లనా, వేరే నగరం నుంచి బదిలీపై వచ్చినవాళ్లనా, ఎల్వోఐ చేతపట్టుకుని కూర్చున్నవాళ్లనా? ఉద్యోగాలకు హామీ కోసం కోటా చట్టాలూ వచ్చాయి. ఆంధ్రప్రదేశ్ 2019లో పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకేనని చట్టం చేసింది. అలాంటి హర్యానా చట్టాన్ని అక్కడి హైకోర్టు 2023 నవంబరులో కొట్టేసింది. కోటా చట్టాల కంటే ఒప్పందంలో ఒక్క షరతుతో పని ఎక్కువ జరుగుతుంది.

ఆ షరతు ఇలా ఉండాలి: రాయితీ పొందిన కంపెనీ క్యాంపస్ ఆఫర్‌లో చేరే తేదీ రాయాలి, ఆ తేదీ మూడు నెలలు దాటితే చేరేదాకా నెలకింతని భృతి చెల్లించాలి, అభ్యర్థి నుంచి ఏ రూపంలోనూ డబ్బు తీసుకోకూడదు, ఉద్యోగాల లెక్కను పీఎఫ్ జమలతో ఏటా రుజువు చేయాలి. రుజువు చేయలేని మేరకు రాయితీ వెనక్కి తీసుకోవాలి. ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు, కేంద్రం అనుమతీ అక్కర్లేదు. అమరావతిలోనూ హైదరాబాద్‌లోనూ ఐటీ మంత్రులు తదుపరి భూకేటాయింపు ఫైలు మీద సంతకం పెట్టేముందు ఈ వాక్యాలు అందులో ఉన్నాయో లేదో చూసుకోవాలి.